టీవీలో ఓడిన డ్రిల్లు టీచరు

తిరువూరు నుంచి వెళ్ళి టీవీలో నాట్యం చేసిన మొదటివాళ్ళం మేమిద్దరం. ఈ మాట నేను చెబితే తప్ప ఎవరూ చెప్పరు. ఊరి కళాకారుల గురించి మైకు పట్టుకుని గంటలు గంటలు మాట్లాడేవాళ్ళను చాలామందిని చూశాను. ఒక్కరి నోటా మా ప్రస్తావన రాలేదు. అందుకని నేనే రాస్తున్నాను. రాయదలచింది నాతో పాటు వచ్చిన, పక్క ఊరు పెనుగొలను పిల్ల గురించి. మధ్యలో నాకు జరిగిన అన్యాయాలు కొన్ని దొర్లుతాయి. జరిగినవి జరగలేదని రాయడం నాకు చేతకాదు.

డెబ్బైల చివరి రోజులు. హైదరాబాదులో టీవీ కొత్తగా వచ్చింది. జిల్లాల నుంచి ఆడపిల్లల్ని పిలిచి నాట్యం పోటీ పెడతామని, దాన్ని టీవీలో చూపిస్తామని కబురు వచ్చింది. మా కూచిపూడి మాస్టారు ఒక పత్తి గోదాములో పాఠం చెప్పేవారు. పత్తి రోజుల్లో మా పాఠం ఆగిపోయేది. మిగతా రోజుల్లో నేలమీద మిగిలిన గింజలు అరికాళ్ళలో గుచ్చుకునేవి. ఆయన మా ఇద్దర్నీ ఎంపిక చేశారు. ముందు ఆమెను, తరవాత నన్ను. పాఠంలో ఆమెకన్నా ముందు చేరింది నేను. అదేమిటని అడిగితే, "నువ్వు కాస్త పొడుగమ్మాయ్" అన్నారు. ఎవరికి వాళ్ళం విడివిడిగా చేసే నాట్యానికి పొడుగుతో ఏం పని? ఆ ప్రశ్నకు మాస్టారు జవాబు చెప్పకుండానే పోయారు.

స్టూడియోలో జనం లేరు. వేడి దీపాలు, మూడు కుర్చీలు, ఒక పెద్ద కెమెరా. అక్కడి మనిషి సుద్దముక్కతో నేలమీద చదరంగా గీత గీసి, "ఇందులోనే చెయ్యాలమ్మా. గీత దాటితే కనపడవు" అన్నాడు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు తిరగమని నేర్పిన మాస్టారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. పెనుగొలను పిల్ల గీత దాటలేదు. కాని దాటకుండా ఉండాలన్న జాగ్రత్తలో ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు మాయమైంది. నేను దాటాను. ఇద్దరం ఓడిపోయాం. విజయవాడ అమ్మాయి గెలిచింది.

తిరువూరులో అప్పటికి ఒక్క టీవీ కూడా లేదు. మేం ఎలా చేశామో చూసినవాళ్ళు లేరు కాబట్టి మాస్టారు చెప్పిందే చరిత్ర అయింది. బస్టాండు దగ్గర టీకొట్లో ఆయన ఏమన్నారో మా అన్నయ్య విని వచ్చి చెప్పాడు. "ఒకమ్మాయి గీతలో ఇరుక్కుంది. రెండో అమ్మాయి టీవీలోనే పట్టలేదు" అన్నారట. కొట్లో అందరూ నవ్వారట. పెనుగొలను పిల్లకు ఈ సంగతి చెబితే ఆమె కూడా నవ్వింది. అది కూడా నేను మరచిపోలేదు.

గెలిచిన విజయవాడ అమ్మాయి మద్రాసు వెళ్ళి సినిమాల్లో హీరోయిన్ వెనక గుంపులో చేరింది. మేమిద్దరం హాల్లో బెంచీ టికెట్టు కొని, తెరమీద వరసల్లో ఆమె కోసం వెతికేవాళ్ళం. "అదిగోనే, మూడో వరస, ఈ చివర!" అని పెనుగొలను పిల్ల లేచి నిలబడేది. వెనకవాళ్ళు తిట్టేవాళ్ళు. "మనల్ని ఓడించి అక్కడ కుండ పట్టుకుని నిలబడింది" అన్నాన్నేను ఒకసారి. "నిలబడటం చూడవే ఎంత బాగా నిలబడిందో. మిగతావాళ్ళ కుండలు ఊగుతున్నాయి, దానిది ఊగట్లేదు" అంది. తరవాతెప్పుడో ఆ అమ్మాయి గుంపులో వాళ్ళకు అడుగులు నేర్పే స్థాయికి వెళ్ళిందని విన్నాం. కుండ ఊగని మనిషి ఎదుగుతుందని ముందే కనిపెట్టింది నేను కాదు, పెనుగొలను పిల్ల.

నేను టైపు నేర్చుకుని తాలూకా ఆఫీసులో చేరాను. ఆమె సంగతి వేరు. వాళ్ళది పెద్ద సేద్యం. మాగాణి, మామిడితోట, ఇంటినిండా పనివాళ్ళు. ఉద్యోగం చేయాల్సిన అవసరం లేదు. అలాంటి సమయంలో మా ఊరి ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు సెలవు మీద వెళ్ళి తిరిగి రాలేదు. హెడ్‌మిస్ట్రెస్ ఈమెను పిలిపించింది. కావలసిన ట్రైనింగ్ ఈమెకు లేదు. "టీవీలో చేసిందట కదా, పిల్లల చేత చేతులూ కాళ్ళూ ఊపించలేదా" అని తాత్కాలికంగా తీసుకుంది. మేం ఓడిపోయిన టీవీ ఆమెకు ఉద్యోగం ఇప్పించింది. నాకేమీ ఇప్పించలేదు.

వాళ్ళ నాన్న మండిపడ్డాడు. అప్పుడు నేను వాళ్ళ వసారాలోనే ఉన్నాను.

"మనింట్లో ఎంతమందికి అన్నం పెడుతున్నాం? ఆ ఇంట్లో పుట్టి ఎండలో నిలబడి ఈల ఊదుతావా?"

"పొలంలో మీరు అరవట్లేదా నాన్నా? నేను అరవకుండా ఊదుతాను, అంతే."

ఆయనకు నవ్వు వచ్చింది గాని మీసం కింద దాచుకున్నాడు. ఒక ఏడాది గడువు ఇచ్చాడు. ఏడాదిలో స్కూలువాళ్ళు ఉద్యోగం ఖాయం చేస్తే సరే, లేకపోతే ఇంటికొచ్చి బుద్ధిగా కూర్చోవాలి, గజ్జెలూ ఈలా రెండూ అటక మీద పెట్టాలి. ఆమె ఒప్పుకుంది. రోజూ పెనుగొలను నుంచి బస్సులో వచ్చి పోయేది.

ఆ స్కూల్లో డ్రిల్లంటే అంతకుముందు ఎవరూ చూసేవారు కాదు. పిల్లలు చెట్టు నీడకు జరుగుతూ చేతులు ఊపేవాళ్ళు. ఈమె వచ్చాక ఆఫీసుకు వెళ్తూ నేను గోడ దగ్గర ఆగి చూసేదాన్ని. చెప్పులు విప్పించి, వరసల్లో నిలబెట్టి, అడుగు నేలమీద ఎక్కడ పడాలో, మడమ ఎప్పుడు లేవాలో నేర్పేది. వంగి నడిచే పిల్లలు నిటారుగా నడవడం నా కళ్ళముందే జరిగింది. పాఠం మొదలుపెట్టే ముందు మేం గోదాములో చేసినట్టే అందరి చేతా నేలను తాకించి కళ్ళకు అద్దుకోమనేది. తొక్కబోయే నేలకు ముందు దణ్ణం పెట్టాలి. నాట్యం నేర్చిన ఎవరికైనా అది ఊపిరి పీల్చినంత అలవాటు.

హెడ్‌మిస్ట్రెస్‌కు ఇది నచ్చలేదు.

"ఏమ్మా, ఇది డ్రిల్లా, అరంగేట్రమా? వన్ టూ త్రీ ఫోర్ ఏదీ?"

"అదీ నాలుగేనండి, తకధిమీ నాలుగేనండి."

"ఎదురు చెప్పకు. ఆ నేలకు దణ్ణాలేంటి? మొన్న ఒకాయన వచ్చి, మా అమ్మాయి చీపురు పట్టుకునే ముందు కూడా దణ్ణం పెడుతోంది, పని తెమలట్లేదు, ఏం నేర్పుతున్నారండీ మీరు అని అడిగాడు."

ఆగస్టు పదిహేను దగ్గరపడింది. మగపిల్లల హైస్కూలు మైదానంలో జెండా, తహసీల్దారు ముందు రెండు స్కూళ్ళ డ్రిల్లు. హెడ్‌మిస్ట్రెస్ ఒక ఉపాయం కనిపెట్టింది. అందరూ తెల్ల కాన్వాసు బూట్లు వేసుకోవాలి. బూట్లుంటే నేలను తాకబుద్ధి కాదని ఆమె లెక్క. లెక్క సరిపోయింది కూడా. అన్నదమ్ముల బూట్లలో గుడ్డలు కుక్కుకుని వచ్చిన పిల్లలకు బూటు ఊడకుండా చూసుకోవడమే పనైపోయింది, దణ్ణం సంగతి మరచారు. "నడక పోయిందే, బాతుల్లా అయిపోయారు" అని నా దగ్గర వాపోయింది పెనుగొలను పిల్ల. పైగా హెడ్‌మిస్ట్రెస్ మాట తేల్చి చెప్పేసింది. "ఆ రోజు ఏ తేడా వచ్చినా వచ్చే నెల నుంచి రానక్కర్లేదు. ట్రైనింగ్ అయినాయన ఒకాయన కాచుకుని ఉన్నాడు."

అప్పటికి వాళ్ళ నాన్న ఇచ్చిన ఏడాది కూడా అయిపోవచ్చింది.

ఆ రోజు నన్ను తాళం వేయడానికి రమ్మంది. కర్ర, చెక్క పలక పట్టుకుని వెళ్ళాను. తెల్లవారుతూనే వాన పట్టుకుంది. జెండా వేళకు వాన ఆగింది గాని మైదానం నల్లరేగడి. ముందు మగపిల్లల వంతు. నాలుగడుగులు వేశారో లేదో బూట్లు బురదలో దిగబడ్డాయి. ఒక పిల్లాడి బూటు ఉన్నచోటే ఉండిపోయింది, వాడు ఒంటి బూటుతో ముందుకు పోయాడు. వెనకవాడు దాన్ని తొక్కి పడ్డాడు. జనం ఈలలు వేశారు.

పెనుగొలను పిల్ల నా వంక చూసింది. గేటు దగ్గర గొడుగు కింద వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. సంతకు వచ్చినట్టు వచ్చాడు.

"విప్పించెయ్యనా?" అంది.

"ఆవిడ ఊరుకోదే."

"బూట్లతో పడితే మాత్రం ఊరుకుంటుందా?"

ఈల ఊదింది. పిల్లలు గోడవార బూట్లు విప్పి బరిలోకి వచ్చారు. షామియానా కింద హెడ్‌మిస్ట్రెస్ ముఖం కందిపోవడం నాకు కనిపించింది. పెనుగొలను పిల్ల "అటెన్షన్!" అంది. కాళ్ళకు బురద చల్లగా తగలగానే పిల్లలకు వాళ్ళ పాత అలవాటు తిరిగి వచ్చేసింది. వరసలన్నీ ఒక్కసారి వంగాయి. బురదను తాకి కళ్ళకు అద్దుకున్నాయి. వాళ్ళను ఆపాల్సిన మనిషి కూడా వంగింది. ఆమె కళ్ళమీదా బురద బొట్లు. నేనూ ఊరుకోలేదు, పలకను కళ్ళకు అద్దుకున్నాకే తెలిసింది ఏం చేశామో.

తహసీల్దారు ఆ దణ్ణం తనకే అనుకున్నాడు. గబుక్కున లేచి చేతులు జోడించాడు. ఆయన లేచాడని పక్కవాళ్ళు లేచారు. షామియానా అంతా లేచింది. చివరికి హెడ్‌మిస్ట్రెస్ కూడా లేవాల్సి వచ్చింది.

ఆ తరవాత జరిగిన డ్రిల్లు గురించి ఎంత చెప్పినా తక్కువే. నేను కర్ర వేస్తుంటే అడుగులన్నీ ఒకే అడుగై బురదలో పడుతున్నాయి. ఒక్క పిల్ల జారలేదు. వరసలు చదరం అయ్యాయి, చదరం చక్రం అయింది, చక్రం విచ్చుకుని మళ్ళీ వరసలయ్యాయి. మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగారు. పిల్లల మధ్య నడుస్తూ ఆమె నవ్వుతోంది. స్టూడియోలో మాయమైన ఆ నవ్వును అంతమంది ముందు మళ్ళీ చూశాను. నాట్యంలో ఆమె నాకన్నా గొప్పదని నేను ఎన్నడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కాని నాకు వచ్చింది నా ఒంటితోనే ఆగిపోయింది. ఆమె తనకు వచ్చిన దాన్ని అంతమంది కాళ్ళలోకి పంపింది. అది నాకు ఈ జన్మకు రాదు.

అయిపోయాక తహసీల్దారు ఆమెను పిలిచాడు.

"ఏమ్మా, ముందు పెట్టిన దణ్ణం ఎవరికి?"

మీకేనండి అనమని హెడ్‌మిస్ట్రెస్ పక్కనుంచి కళ్ళతో సైగ చేస్తోంది. ఉద్యోగం ఆ ఒక్క మాట దగ్గర ఉంది. ఆమె సైగ చూసింది. నేను కూడా చూశాను.

"నేలకండి. తొక్కబోతున్నాం కదండీ" అంది.

ఆయన పగలబడి నవ్వాడు. "అయితే మేమంతా ఊరికే లేచామన్నమాట! పోనీలెండి, లేవాల్సిన దానికే లేచాం" అన్నాడు హెడ్‌మిస్ట్రెస్ వైపు తిరిగి. పాపం ఆవిడ కూడా నవ్వాల్సి వచ్చింది.

మరునాడు ఆఫీసులో నేను టైపు చేసిన కాయితాలు పట్టుకుని ఆయన బల్ల ముందు నిలబడ్డాను. ఆయన గుమాస్తాతో అంటున్నాడు: "ఆ డ్రిల్లు టీచరు భలే మనిషయ్యా. తాళం వేసినావిడ ఎవరో గాని ఆవిడా బాగానే వేసింది." నా చేతిలో కాయితాలు తీసుకున్నాడు, సంతకాలు పెట్టాడు, తిరిగి ఇచ్చాడు. తల ఎత్తలేదు. ఆయనకు బదిలీ అయ్యేదాకా నేను చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదు, చూడాల్సింది ఆయన.

సాయంత్రం పెనుగొలను పిల్ల మా ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. ట్రైనింగ్ అయినాయనను రావద్దని హెడ్‌మిస్ట్రెస్ కబురు పంపిందట. ఈమెను వేసవిలో ట్రైనింగ్‌కు వెళ్ళి రమ్మందట. అలాగే వెళ్ళి వచ్చింది. రిటైరయ్యేదాకా ఆ స్కూల్లోనే ఉంది. ఇప్పుడు తిరువూరు బజారులో నిటారుగా నడిచే ఆడవాళ్ళు కనిపిస్తే, ఆ స్కూల్లో చదివారా అని నేను అడగను. నాకు తెలిసిపోతుంది. నా తాళానికి మాత్రం ఆమె ఈరోజు దాకా థాంక్స్ చెప్పలేదు.

"మీ నాన్నేమన్నాడే?" అని ఆ సాయంత్రమే అడిగాను.

డ్రిల్లు రోజు బస్సులో పెనుగొలను దాకా ఆమె పక్కనే కూర్చున్నాడట. బురద ఎండి బిగుసుకుపోయిన ఆమె పాదాల వంకే చూశాడట. దిగాక గొడుగు మడుస్తూ, "రేపు ఏ బస్సుకి వెళ్ళాలి?" అని అడిగాడట.

"పొద్దున మొదటి బస్సుకి నాన్నా" అందట.

"అయితే మీ అమ్మతో చెప్పు, కారియరు పెందలాడే కట్టమని" అన్నాడట.