ఇల్లుండగా హోటలెందుకన్నాను

విశాఖ నుంచి వచ్చిన మా ఆడపడుచు ఇక్కడి థీమ్ పార్కులోని రిసార్టులోనే దిగుతానంటే నేనే ఒప్పుకోలేదు. రాయపూర్‌లో మా ఇల్లుండగా హోటల్లో ఉంటే కాలనీలో తలెత్తుకోలేనన్నాను. టికెట్లు, బండి, భోజనం అన్నీ ముందే సరిచూసుకున్నాను. రైడ్ల సంగతి మాత్రం కనుక్కోలేదు.

ఆమె కూతురు పింకీ వచ్చిందే పెద్ద రోలర్ కోస్టర్ కోసం. ఈ ఉదయం గేటు తెరవగానే వెళ్లి అడిగితే, కౌంటర్‌లోని అమ్మాయి "ఆజ్ ఫుల్ హై, ఆంటీజీ" అంది. రిసార్టులో దిగినవాళ్లు నిన్న సాయంత్రమే స్లాట్లన్నీ తీసేసుకున్నారట. బయటివాళ్లకు మిగిలితేనే ఇస్తారట.

పింకీ రోజంతా కింద నిలబడి, పైన అరుస్తున్న పిల్లల్ని చూసింది.

"రేపు మళ్లీ వద్దాంలే" అన్నాను.

"రేపు మాత్రం దొరుకుతుందా? అక్కడ గదిలో దిగినోళ్లకే కదా. నీ మర్యాదకి నా పిల్ల కింద నిలబడిపోయింది వదినా" అంది ఆడపడుచు.

సాయంత్రం వాళ్లు సామాను సర్దుకుని రిసార్టుకు వెళ్లిపోయారు. మా ఆయనే దింపి వచ్చి, గది బాగుందన్నారు.

మీరు చెప్పండి, ఇంటికొచ్చిన చుట్టాలను హోటల్లో దిగమని మీ నోటితో మీరు అనగలరా?