ఉప్పు వేశానా?

అమీర్‌పేటలో లేడీస్ హాస్టళ్లు ఎక్కువగా ఉన్న ఒక సందులో మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. గుంటూరు వైపు నుంచి వచ్చి పెట్టుకున్నాం. వంట నాది. కూరగాయలు తేవడం, గ్యాసు, బయటి పనులన్నీ మా ఆయనవి. తరగడానికీ, పార్శిళ్లు కట్టడానికీ నల్గొండ నుంచి వచ్చిన ఒకామె ఉంది. నాకంటే ఐదారేళ్లు చిన్నది. నన్ను అక్కా అంటుంది, మా ఆయన్ని అన్నా అంటుంది.

రెండేళ్ల క్రితం, వేసవిలో ఒక మధ్యాహ్నం, బేరం అయిపోయాక ఎండ లోపలికి రాకుండా షటర్ సగం దించాం. గుమ్మంలో గిన్నె మూత పడి ఉంటే తీయడానికి వంగాను. తీసుకుని విసురుగా లేచాను. షటర్ అంచు నడినెత్తిన తగిలింది. రక్తం రాలేదు. కళ్ల ముందు అంతా తెల్లగా అయింది. “ఏం కాలేదు, ఏం కాలేదు” అంటూనే వెళ్లి సింకులో వాంతి చేసుకున్నాను.

పంజాగుట్టలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కానింగ్ తీశారు. ఎముక చిట్లలేదు, లోపల రక్తం గడ్డకట్టలేదు. మెదడు అదిరింది, కొన్ని వారాల్లో సర్దుకుంటుందన్నారు.

వారాలు గడిచాయి. సర్దుకోలేదు.

బొంగరంలా గిర్రున తిరగడం కాదు అది. పడవ దిగిన మనిషికి ఒడ్డు మీద కూడా కాసేపు ఊగుతున్నట్టే ఉంటుంది చూడండి, అలాంటిది. నాకు ఆ కాసేపు అయిపోలేదు. పక్కనున్న మనిషిని చూద్దామని తల తిప్పితే, ఆ మనిషి ఒక క్షణం ఆలస్యంగా నా చూపులోకి వచ్చి కుదురుగా నిలబడేది. బట్టల షాపు లైట్లకు తట్టుకోలేక బయటికి వచ్చేసేదాన్ని. ఆటో ఎక్కితే కళ్లు మూసుకునేదాన్ని.

దాన్నైనా గోడ పట్టుకుని దాటేదాన్ని. బుర్రకు పట్టిన మబ్బుతోనే వేగలేకపోయాను. ఒకరోజు బెండకాయ పేరు నోటికి రాలేదు. వారానికి నాలుగుసార్లు వండే కూర! “అదే అమ్మా, ఆకుపచ్చగా, జిగురుగా ఉంటుందే...” అన్నాను. కవరు పట్టుకుని నిలబడ్డ హాస్టల్ పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల వెళ్లాక మాత్రం ఆ పేరు కోసం సాయంత్రం దాకా వెతుక్కున్నాను. కట్టు లేదు, కుట్లు లేవు. చుట్టాలు ఫోను చేసి, “గొంతు బాగానే ఉందిగా, ఇంకా ఏంటి?” అనేవారు.

ఆ వర్షాకాలంలో ఒకరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. గిన్నెడు పప్పూ అమ్ముడుపోయాక ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తెచ్చారు. ఎవరూ గట్టిగా అరవలేదు. “ఆంటీ, ఈరోజు జర ఉప్పెక్కువైంది” అని మెల్లగా చెప్పి, కవరు గట్టు మీద పెట్టి వెళ్లిపోయారు. అరిచినా బాగుండేది. వంటే నా పని, వంటే నా పేరు. గ్యాసు బండల వెనక ముక్కాలిపీట వేసుకుని ఏడ్చాను.

మా ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. “మూసేద్దామే. నీకంటే ఎక్కువా ఇది?” అన్నాడు.

ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం మళ్లీ షటర్ తగిలినట్టే అయింది.

ఉల్లిపాయలు తరుగుతున్న ఆమె కత్తి ఆపింది. “మూసుడేంది అన్నా? అక్కకు నెత్తికి దెబ్బ తాకింది గని చేతులకు తాకలే గద. మరుస్తున్నదంటే గుర్తు పెట్టుకుందం.”

“ఎట్లా?” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

“ఉప్పెయ్యంగనే గంటె గిన్నె మీద అడ్డం పెట్టు. అడ్డం గంటె ఉంటే ఉప్పు పడ్డట్టు. లేకుంటే పడనట్టు. గంతే!”

అంతే. మర్నాటి నుంచి మా వంటింట్లో గరిటెలు మాట్లాడాయి. గరిటె అడ్డంగా ఉన్న గిన్నె జోలికి ఎవరూ ఉప్పు డబ్బాతో వెళ్లకూడదు. కూరల పేర్లు సుద్దముక్కతో గోడమీద రాసి, వాటి కిందే ట్రేలు పెట్టాం. పేరు నోటికి రాకపోతే గోడ చూసేదాన్ని. మళ్లీ ఒక్క కవరు కూడా వెనక్కి రాలేదు.

తల తిరగడం మాత్రం అలాగే ఉంది. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళితే, ఆవిడ అంతా విని, దీనికి మందుల కంటే కసరత్తే మేలని అదే పంజాగుట్ట ఆసుపత్రిలో ఫిజియోథెరపీకి పంపింది. అక్కడున్నది పాతికేళ్ల అమ్మాయి. గోడమీద కాగితం అంటించింది. దానిమీద ఒకే ఒక్క అక్షరం.

“మేడం, చూపు అక్షరం మీదనే ఉండాలి. తల మాత్రం కుడికి, ఎడమకు తిప్పాలి.”

నాలుగుసార్లు తిప్పేసరికి చెమటలు పట్టాయి. “తల తిరుగుతోందమ్మా” అన్నాను.

“తిరగాలి మేడం. తిరిగితేనే మెదడు మళ్లీ నేర్చుకుంటది. మీరు ఇన్ని రోజులూ తల కదపకుండా ఉన్నరు కదా?”

నిజమే. నెత్తిమీద నిండు బిందె ఉన్నట్టు మెడ బిగబట్టుకుని నడిచేదాన్ని. దేన్ని తప్పించుకు తిరుగుతున్నానో అదే మందని ఆ పిల్ల చెప్పేదాకా తెలియలేదు.

ఆరోజు నుంచి పొద్దున, సాయంత్రం ఫ్రిజ్ తలుపు మీద అక్షరం అంటించుకుని తల తిప్పాను. మొదటివారం కసరత్తయ్యాక అరగంట పడుకునేదాన్ని. రెండో నెలకి పడుకోకుండా టీ పెట్టుకునేదాన్ని. ఆ తర్వాత ఆ అమ్మాయి ఇంకో పని చెప్పింది. ఇంటికి ఆటోలో కాదు, పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో ఒక్కదాన్నే వెళ్లాలి.

ఒక్క స్టేషనే. మామూలు మనిషి ఫోను తీసి జేబులో పెట్టేలోపు వచ్చేస్తుంది. నేను కమ్మీ పట్టుకుని, ఎదుటి సీటు వెనక కిటికీలోంచి పరుగెత్తే మేడల్ని చూడకుండా ఒక పెద్దాయన చొక్కా గుండీ మీద చూపు నిలిపాను. ఆయన ఒకసారి గుండీ సర్దుకున్నాడు పాపం. అమీర్‌పేటలో దిగేవాళ్లు, రైలు మారేవాళ్లు ఒకరినొకరు తోసుకుంటున్నారు. కదిలే మెట్ల దగ్గర కాళ్లు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో, “అమ్మా, జరగండి” అన్నారు. పక్కకి జరిగాను. ఊపిరి తీసుకున్నాను. మళ్లీ వచ్చి కాలు వేశాను. మెట్టు నన్ను తీసుకుని కిందికి దిగింది. నేను పడలేదు. కింద నిలబడి మా ఆయనకు ఫోను చేసి, “దిగాను” అన్నాను. “ఎక్కడ?” అన్నాడు. “మెట్లు!” అని అరిచాను. పూలమ్మే ఆవిడ తలెత్తి చూసింది.

అసలు పరీక్ష మొన్న మాఘంలో వచ్చింది. మా సహాయకురాలు చెల్లెలి పెళ్లికని ఊరెళ్లింది. ఆదివారం పొద్దున మా ఆయనకు జ్వరం తగిలింది. ఆదివారం మా దగ్గర చికెన్ ఉంటుంది, సందంతా మా గుమ్మంలోనే ఉంటుంది. “ఈరోజుకి మూసెయ్” అన్నాడు దుప్పట్లోంచి. “నువ్వు పడుకో” అన్నాను.

పన్నెండింటికి మొదలైంది. ఒంటిగంటకి గట్టు ముందు చేతులే చేతులు. “ఆంటీ రెండు చికెన్!” “అక్కా, ఒక సాంబారు, ఒక దొండకాయ!” “ఆంటీ నాది ముందు!” ఎవరిదో బైకు హారన్. పాత మబ్బు కమ్ముకొచ్చింది. చేతిలో గరిటె ఉంది, దేంట్లో ముంచాలో తెలియలేదు.

అప్పటిదాకా కొనేవాళ్లెవరికీ చెప్పుకోని మాట ఆ క్షణంలో నోట్లోంచి వచ్చేసింది. “నాన్నా, ఒక్కొక్కరే అడగండి! నా తలకి దెబ్బ తగిలింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే నాకు ఏమీ అర్థం కాదు.”

బెండకాయ రోజున నవ్విన పిల్లే ముందుకొచ్చి, “భాయ్, లైన్ కట్టుర్రి! ఆంటీని ఆగమాగం చెయ్యకుర్రి!” అంది. అందరూ వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరు వచ్చారు, అడిగారు, తీసుకున్నారు. తల ఊగుతూనే ఉంది. ఊగనీ అనుకున్నాను. చెయ్యి మాత్రం ఆగలేదు. రెండున్నరకి ట్రేలన్నీ ఖాళీ.

ఇప్పటికీ అలసిపోతే నేల కాస్త కదులుతుంది. కొన్ని మాటలు ఆలస్యంగా వస్తాయి. వచ్చేదాకా ఆగుతాను, సిగ్గుపడను.

పెళ్లి నుంచి తిరిగొచ్చిన ఆమె సంగతంతా విని నడుం మీద చేతులు పెట్టుకుంది. “గంత మందిని ఒక్కదానివే సంభాళించినవా అక్కా?”

“సంభాళించాను.”

“అయితే నాకు ఇంకో రెండొద్దులు సెలవియ్యి” అంది. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.