చిన్నమ్మ కుట్టుకున్న బనీను గుడ్డ టాప్

ఈ ఎండాకాలం మా అమ్మాయి ఫోన్‌లో ఏదో టాప్ పాటర్న్ చూసి, కాగితాలు ప్రింట్ తీయించుకొచ్చి, హాలంతా పరిచి టేపుతో అతికిస్తోంది. "అమ్మా, మస్తు ఈజీ అంట. రెండే ముక్కలు, హుక్కులు గుండీలు ఏం లెవ్వు," అంది. కాలు పెట్టడానికి చోటు లేక గడపలోనే ఆగిపోయాను. అక్కడే మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. మెదక్‌లో చర్చి దగ్గరి సందులో ఉండేది. ఆ సందులో ఆడపిల్లలకు కుట్టు నేర్పింది ఆమే. తన జాకెట్టు ఇంకొకరి చేత కుట్టించుకోవడమంటే ఆమె దృష్టిలో ఇంకొకరి చేత అన్నం నమిలించుకోవడమే. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. కాలు మెల్లగా కోలుకుంది గాని చెయ్యి లేవలేదు. జాకెట్టు హుక్కులు చిన్నాయన పెట్టాల్సి వచ్చేది. ఆయన ఎంతో ఓపికగా పెట్టేవాడు, కానీ ఎప్పుడూ ఒక హుక్కు తప్పి కిందిదాంట్లో పడేది. ఆమె నవ్వేది కాదు. చర్చికి పోవడం మానేసింది, వాకిట్లోకి రావడం కూడా మానేసింది.

ఒకరోజు నేను చూడటానికి వెళితే, "జర బజార్ల మెత్తటి బనీను గుడ్డ పట్కరా బిడ్డా, సాగేది," అంది. నేను తెచ్చేసరికి పాత పేపరు మీద ఎడమచేత్తో వంకరటింకరగా గీసి పెట్టుకుంది. ముందుభాగం, వెనకభాగం, అంతే. చేతులు విడిగా లేవు. మెడ వెడల్పు, కుడి చంక మరీ వెడల్పు. కత్తెర ఎడమచేతికి లొంగలేదు కాబట్టి కోత నా వంతుకొచ్చింది. మిషన్ దగ్గర మాత్రం నన్ను కూర్చోనివ్వలేదు. సాగే గుడ్డ చేతిలో నిలవదు, లాగితే కుట్టంతా అలలు తేలుతుంది. సాయం చేద్దామని అంచు పట్టుకున్నానో లేదో, "గుంజకే! దాన్ని దాని తోవల పోనియ్యి," అని కసిరింది. ఎడమ అరచేయి గుడ్డ మీద ఆనించి, ఎడమకాలితో మోటారు పెడల్ తొక్కుతూ, కొంచెం కుట్టడం, ఆగడం, ఊపిరి తీసుకోవడం. ఒక పక్క వంకరపోతే మొత్తం విప్పించి మళ్లీ మొదలుపెట్టింది. కనుబొమల మీంచి చెమట కారుతోంది. నేను తుడవబోతే తల పక్కకు తిప్పింది.

మెడ మడిచి కుట్టడం అయ్యాక టాప్ తీసుకుని తెర వెనక్కి పోయింది. అలవాటుగా చిన్నాయన లేచాడు. "మీరు కూసోండ్రి. నేనే తొడుక్కుంట," అంది లోపలినుంచి.

ఇద్దరం తెరనే చూస్తూ కూర్చున్నాం. పడిపోయిన చేతిని ముందు దూర్చాలని కోసేటప్పుడే నాకు చెప్పింది. మంచం కిర్రుమంది. ఏదో కిందపడింది. చిన్నాయన పిడికిలి బిగించాడు, లేవలేదు. చివరికి తెర కదిలింది. జుట్టు రేగి, మొహం ఎర్రబడి, లేతనీలం టాప్‌లో ఆమె నిలబడి ఉంది. "కుడి భుజం జర కిందికైంది," అంది, శిష్యురాలి పని దిద్దే టీచరు గొంతుతో. అంత పెద్ద మెదక్ చర్చి ముందు నిలబడ్డప్పుడు కూడా నా ఒళ్లు ఎన్నడూ అలా జలదరించలేదు. ఆ ఆదివారం అదే టాప్ మీద చున్నీ కప్పుకుని ప్రార్థనకు నడిచి వెళ్లింది.

తర్వాత ఎన్నో వేసవులు వచ్చిపోయాయి, ఏది ఎప్పుడు పోయిందో చెప్పలేను. ఆమె తెర వెనక ఉన్న ఆ కాసేపు మాత్రం నాకు ఇంకా గడుస్తూనే ఉంది.