ఆవిడ నోట నా పేరు

పెళ్లయిన నలభై రెండేళ్లలో మా ఆవిడ నన్ను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. "ఏవండీ" అంటుంది, "ఇదిగో, మిమ్మల్నే" అంటుంది, కోపం వస్తే గోడకి చెబుతుంది. రేషన్ కార్డు ఆఫీసులో గుమాస్తా "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగితే, పక్కనున్న నా వైపు వేలు చూపించి ఊరుకుంది. సిగ్గనుకున్నాను. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికని సికింద్రాబాద్ వచ్చి పద్మారావు నగర్‌లో కాపురం పెట్టాం. తిండి మారింది, కట్టూబొట్టూ మారాయి, ఆ సిగ్గు మాత్రం మారలేదు. కుర్రతనంలో నాకది ముద్దుగానే ఉండేది. రిటైరయ్యాక మాత్రం ఒక పిచ్చి కోరిక పట్టుకుంది. ఆ నోట నా పేరు ఒక్కసారి వినాలి. అడిగితే నవ్వేసి వంటింట్లోకి వెళ్లిపోయేది.

మొన్న చలికాలంలో ఆవిడ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రెండో కన్ను అంతకు ముందునుంచే మసక. ఫోన్‌లో అక్షరాలు కనబడవు, అంకెలు కనబడవు. బ్యాంకులో పనిచేసే పక్క ఫ్లాట్ అమ్మాయి వచ్చి, నోటితో చెబితే పనిచేసేలా ఫోన్‌ని సిద్ధం చేసి పెట్టింది.

"ఈ బటన్ జెర గట్టిగ పట్టుకోండి ఆంటీ. టైమ్ అడగండి, పాటలు పెట్టమనండి, ఎవరికి కాల్ చెయ్యాల్నో పేరు చెప్పండి. మీరేం చెప్తే అది చేస్తది."

రెండు రోజుల్లో మా ఆవిడకి ఫోన్‌లో ఉన్న ఆ ఆడగొంతుతో స్నేహం కుదిరిపోయింది. "టైమెంతయిందమ్మా?" అని అడిగేది. "వానొస్తాదేటి?" అని అడిగేది. అది జవాబు చెప్పగానే "చల్లగా ఉండు తల్లీ" అని దీవించేది. నల్లద్దాలు పెట్టుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఒళ్లో ఫోన్‌తో ఆవిడ అలా మెల్లగా మాట్లాడుతుంటే ఇల్లంతా మగత కమ్మినట్టుండేది. పరదా ఊపిరి పీల్చి వదులుతున్నట్టు కదిలేది. ఇద్దరు ఆడవాళ్లు ఏదో పాత సంగతి చెప్పుకుంటున్నట్టు గొంతులు వినబడేవి. నేను పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ని గాని, ఒక్క ముక్క చదివేవాణ్ని కాను.

చెల్లెలి పేరు చెప్పి చెల్లెలికి చేసేది, వదిన పేరు చెప్పి వదినకి చేసేది. నాకు మాత్రం చెయ్యదు.

"మీ నంబరుకి 'ఏవండీ' అని పెట్టించీండి. నాను అలగే చెప్తాను," అంది ఒకరోజు.

"కుదరదు. అది అసలు పేరుకి తప్ప పలకదు," అన్నాను. పచ్చి అబద్ధం. ఆ సాయంత్రమే పక్క ఫ్లాట్ అమ్మాయి మెట్ల మీద పట్టుకుంది.

"ఆంటీ నాతోని అన్నది. అట్ల చెప్పిండ్రేంది అంకుల్? ఏ పేరు పెట్టినా సుత వింటది గదా."

"నువ్వు చెప్పకమ్మా. ఒక్కసారి నా పేరు విననీ, తరవాత మార్చేస్తాను."

"ఏందంకుల్ మీరు!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

అక్కడితో ఊరుకున్నానా? కావాలనే బయట తిరగడం మొదలుపెట్టాను. అవసరం పడితే పిలవక చస్తుందా అని నా ఎత్తు. పాల ప్యాకెట్‌కని వెళ్లి గంట గడిపి వచ్చేవాణ్ని. ఫోన్ మోగేది కాదు. "కళ్లు లేనిదాన్ని ఒదిలీసి ఎక్కడ తిరుగుతున్నారు?" అని నిష్ఠూరమాడేది. ఆ మాటకైనా నాకు బుద్ధి రాలేదు.

ఒక ఉదయం బోయిన్‌పల్లి మార్కెట్‌కి వెళ్లి, సంచి నిండా కూరలతో తిరిగొచ్చేసరికి ఎండ ముదిరింది. మా అంతస్తులో మెట్ల దగ్గర ఎప్పుడూ చీకటిగా, చల్లగా ఉంటుంది. చెప్పులు విప్పుతుండగా తలుపు అవతలనుంచి నా పేరు వినిపించింది.

ఒక్కో అక్షరం తడుముకుంటూ, నెమ్మదిగా పలికింది. ఫోన్‌లో ఆడగొంతు అదే పేరు తిరిగి చెప్పి, కాల్ చేస్తున్నానంది. నా జేబులో ఫోన్ వణికింది. తలుపు తోస్తే అయిపోయేది. తొయ్యలేదు. మళ్లీ పలుకుతుంది కదా అని ఫోన్ తీసి కట్ చేశాను.

మళ్లీ పలికింది, ఈసారి కాస్త గట్టిగా. గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాను. సంచిలోంచి కొత్తిమీర వాసన వస్తోంది. కింద ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసింది, ఆ కూత కూడా చాలా దూరంనుంచి వచ్చినట్టుంది. బళ్లో, ఆఫీసులో, కరెంటు బిల్లుల మీద అరిగిపోయిన ఆ పేరు నాది కాదనిపించింది. అప్పుడే రైలు దిగి, ట్రంకుపెట్టె పట్టుకుని, కొత్త పెళ్లాం వెనక వస్తోందో లేదో అని తిరిగి చూసుకుంటున్న పాతికేళ్లవాడు ఎవడో కళ్ల ముందు నిలబడ్డాడు. ఆ పేరు వాడిది. ఎంత సంతోషం కలిగిందంటే, రెండోసారి కూడా కట్ చేశాను.

మూడోసారి పేరు సగంలో ఆగిపోయింది. తరవాత ఏడుపు వినిపించింది.

సంచి అక్కడే పడేసి లోపలికి పరిగెత్తాను. వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఫోన్, చేతిలో కంటి చుక్కల సీసాలు రెండు. ఏది ముందు వెయ్యాలో తెలీక అడుగుదామని చేసిందట. నా అడుగుల చప్పుడు విని చేతులు చాచింది. మొహం తడిమింది, భుజాలు తడిమింది, ఛాతీ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచేసింది.

"ఏటయింది? కన్ను నొప్పా?" అన్నాను.

"కంటికేటి, బాగానే ఉంది. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గిపోతాదని మా అమ్మమ్మ చెప్పీది. ఇన్నేళ్లూ కాపాడుకొచ్చాను. ఇయ్యాల రెండుసార్లు అనీసాను. రెండుసార్లూ మీరు పలకలేదు. నానే చంపీసాననుకున్నాను."

నలభై రెండేళ్లు నేను సిగ్గనుకున్నది ఇది.

సీసా వెతికి చుక్కలు వేశాను. రెండు చుక్కలు గురి తప్పి చెంప మీద పడ్డాయి. మెట్లెక్కుతుంటే సిగ్నల్ అందలేదేమో అన్నాను. "అంతేనేమో" అని నమ్మేసింది. ఆ సాయంత్రమే నా నంబరుకి ఆవిడ అడిగిన పేరు పెట్టించాను.

ఇప్పుడు రోజూ చేస్తుంది. పక్క గదిలో ఉన్నా ఒక్కోసారి చేస్తుంది. మొదటి రింగుకే ఎత్తుతాను. "ఉన్నారా?" అంటుంది. "ఉన్నాను" అంటాను. ఆ రెండుసార్లూ కట్ చేసింది నేనేనని మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.