పొమ్మనే అర్హత

అరవైల చివర్లో కళింగపట్నం దగ్గర ఒక జాలరి పేటలో నేను బడిపంతులుగా ఉండేవాణ్ణి. ఆ యేడు వానాకాలం మొదట్లో నా బడి ఖాళీ అయింది. అందుకు కారణం ఈసారి నా పాఠాలు కావు. పాత ఓడరేవు గిడ్డంగి అరుగు మీదికి ఎవరో మనిషి వచ్చి చేరాడు. మాసిన గడ్డం, భుజాన గోనెసంచి, నోట మాట లేదు. ఎక్కడో వంతెన కడుతున్నారనీ, స్తంభం నిలవడం లేదనీ, దాని కింద పూడ్చడానికి పిల్లల తలకాయలు కావాలనీ, ఇతను అందుకే వచ్చాడనీ పేటంతా తేల్చేసుకుంది. ఆ సంచిలోకి తొంగి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. చూడనివాళ్ళు మాత్రం లోపలున్నదాన్ని కళ్ళకు కట్టినట్టు చెప్పేవారు.

నన్ను విసిగించింది ఆ భయం కాదు. భయపడేవాళ్ళు భయపడి ఊరుకుంటే నాకూ సుఖంగా ఉండేది. నాకు గది అద్దెకిచ్చిన ఆవిడ ఎండుచేపలు అమ్మేది. అక్కను పిలిచినట్టు, అక్కడి వాడుకలో అప్పా అని పిలిచేవాణ్ణి. పొద్దున్నే పిల్లల్ని ఇంట్లో పెట్టి గొళ్ళెం వేసేది. ఆకులో సద్దన్నం, కాల్చిన చేపముక్క పెట్టుకుని గిడ్డంగి దాకా వెళ్ళి, అరుగు చివర ఆకు దించి, వెనక్కి చూడకుండా పరుగున వచ్చేసేది.

"భయం లేదా అప్పా?" అని అడిగాను ఒకరోజు.

"భయమే మేస్టారూ. నాకు భయమైతే ఆడికి ఆకలెయ్యదేటి?" అని నా మీదే విసుక్కుంది. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. పేట మొత్తానికి జాలి గుండె ఈవిడకొక్కదానికే ఉందని నేను కొన్నాళ్ళు నమ్మాను. మనుషుల్ని అంచనా కట్టడంలో నాకెప్పుడూ పాసుమార్కులు రాలేదు.

తర్వాత సముద్రం పోటెక్కి పడవలన్నీ ఒడ్డుకు లాగేసిన రోజు వచ్చింది. పనిలేని మగవాళ్ళు ఒకచోట చేరితే తీర్మానం పుట్టక మానదు. ఆ మనిషిని ఇవాళే ఏరు దాటించెయ్యాలని పేట పెద్ద ఇంటి ముందు తీర్మానించారు. తీరా ఎవరు వెళ్ళి చెప్పాలన్న దగ్గర చిక్కొచ్చింది. అన్నం పెట్టిన చేత్తో గెంటకూడదు. గెంటితే ఆ ఇంటి వల ఖాళీగా తేలుతుందని అక్కడివాళ్ళ గట్టి నమ్మకం.

పెద్ద ముందుగా చూసిన మనిషి తల దించుకున్నాడు, వాళ్ళావిడ పెడుతోందట. రెండో ఆయన తల్లి పెడుతోందట. మూడో ఆయన, "పెట్టలేదు మావా, పారబోద్దామని ఎల్లి ఆడి పక్కన పెట్టేసినాను," అన్నాడు. అందరూ ఆయన్ని తిట్టి, ఇక నువ్వే వెళ్ళు మావా అని పెద్దనే అడిగారు. తలుపు వెనకనుంచి ఆయన భార్య దగ్గింది. ఆ దగ్గుతో ఆయన సంగతీ తేలిపోయింది.

అప్పుడందరూ నా వైపు తిరిగారు. నేను బస్సుల దగ్గర హోటల్లో తినేవాణ్ణి. నా గదిలో పొయ్యి లేదు. పొయ్యి లేనివాడే పొమ్మనాలి! ఆ పేటలో నాకు తొలిసారి దక్కిన అర్హత అది.

"సదువుకున్నోరు, మరేదగా సెప్పగల్రు," అన్నాడు పెద్ద. ఇంత మబ్బులో ఎక్కడికి పోతాడని అడిగితే, అదంతా వాడి ఇష్టమన్నారు. బయల్దేరాను. వెనకాల వాళ్ళూ, వాళ్ళతోపాటు అప్పా వచ్చారు, అవసరమైతే నన్ను వదిలి పారిపోవడానికి సరిపడా దూరంలో.

దారంతా ఒక వాక్యం కూర్చుకుంటూ వెళ్ళాను. నన్ను చూసి ఆ మనిషి లేచి, తువ్వాలుతో పక్కన జాగా దులిపాడు. కూర్చుకున్న వాక్యం పక్కనపెట్టి ఆ జాగాలో కూర్చున్నాను. ఈలోపు ఈడ్చి కొట్టే వాన దిగింది. వెనకాల ఉన్నవాళ్ళంతా పరుగెత్తుకొచ్చి అదే అరుగెక్కారు. ఒక్కొక్కరు ఎక్కినప్పుడల్లా అతను కాస్త కాస్త జరిగి, చివరికి చూరునీళ్ళ కింద వీపు తడుస్తూ, సంచి పొట్టకు కరుచుకుని కూర్చున్నాడు.

పెద్ద నన్ను వెనకనుంచి పొడిచాడు. "సెప్పండి మేస్టారూ."

నాకు ఒళ్ళు మండింది. "ఏం చెప్పను? ఆయన జాగా మనం ఆక్రమించి, ఇంక దిగిపొమ్మని చెప్పనా?"

 కొందరు పైకప్పు వాసాలను శ్రద్ధగా పరీక్షించారు. ఆఖరికి అప్ప, "తడిసిపోతన్నాడు సూడండి. ఒరే, ఇలా లోనికి జరుగు," అంది. అతను జరిగాడు. అతను జరగ్గానే ఆవిడ భయపడి నా వెనక్కి జరిగింది.

వెళ్ళగొట్టే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. భయం మాత్రం వీసమెత్తు తగ్గలేదు. మర్నాటి నుంచి తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని బడికొచ్చి, కాపలాగా సాయంత్రం దాకా వెనక కూర్చోవడం మొదలెట్టారు. లెక్క అడిగితే పిల్లలకంటే ముందు వాళ్ళే జవాబు చెప్పేవారు.

వానలు తెరిపిచ్చాక ఒక ఉదయం అరుగు ఖాళీగా ఉంది. పేట ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. అలిగింది. ఇన్నాళ్ళు తిండి పెట్టినవాళ్ళకు పోతున్నానని ఒక్క మాట చెప్పొద్దా అని పెద్ద నొచ్చుకున్నాడు. అంతలో అందరికీ నా మీద అనుమానం వచ్చింది. పొమ్మనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కదా! నేనేమీ అనలేదని ప్రమాణం చేసినా అప్ప మొహం తిప్పుకుంది.

"ఏరు నిండుగా ఉన్నాది. పడవ రేవు కాడికెల్లి ఆడు దాటినాడో లేదో కనుక్కురండి," అంది.

చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో రేవు దాకా వెళ్ళాను. పడవవాడు తాడు చుడుతున్నాడు. గోనెసంచి మనిషి దాటాడా అని అడిగాను.

"దాటినాడు. ముందు మా ఇంటికాడ ఇంత అంబలి తాగించి మరీ దాటించినాను," అని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "ఆడు పిల్లల్నెత్తుకెల్లే రకమటగదండీ?"