కూతవేటు దూరం

మా సైన్సు మాష్టారు పోయారు. బుధవారం పొద్దున గురజాల నుంచి మొదటి బస్సుకు ఆయన తమ్ముడు నరసరావుపేట వచ్చి నాకు కబురు చెప్పాడు. సాయంత్రమే సమాధి అన్నాడు. అప్పటికి పది రోజులుగా నా చొక్కా జేబులో మాష్టారు రాసిన కార్డు ఉంది. దాని సంగతి ముందే చెప్పేంత ధైర్యం నాకు లేదు.

ఫోర్తు ఫారంలో ఆయన మాకు కొలతలు చెప్పారు. పౌన్లూ ఔన్సులూ వల్లె వేయించడం ఆయనకు గిట్టదు. దారిలో కనబడ్డ రాయి ఎత్తించి, ఇదెన్ని వీశెలు ఉంటుందని అడిగేవారు. చెప్పాక పౌన్లలోకి మార్చమనేవారు. ఆ తర్వాతే తక్కెడ. ఊహ తప్పినవాణ్ని ఏమీ అనేవారు కాదు గానీ, ఊహించకుండా తూచబోయినవాడికి చెవి మెలి తప్పేది కాదు.

వట్టి అంకె చెబితే మాత్రం ఒళ్లు మండేది. ఒకసారి గది పొడవెంతంటే నేను లేచి "ఏడు" అన్నాను.

"ఏడు ఏందిరా? అడుగులా, గజాలా? ఊరికే ఏడవమంటే ఏడుస్తాలే."

క్లాసంతా నవ్వింది, నేను తప్ప.

మా వైపు ఎవర్ని దారి అడిగినా "ఇదిగో, కూతవేటు దూరం" అంటారు. ఆ కూతవేటుకు ఎన్ని గజాలో తేల్చాలని ఆయనకు పట్టుదల వచ్చింది. కోతలైన జొన్నచేలోకి మమ్మల్ని తీసుకెళ్లి, తాను గట్టు మీద నిలబడ్డారు. మేం ఆయనకు వీపు పెట్టి నడవాలి. ఆయన కూతేసినప్పుడల్లా చెయ్యెత్తాలి. వినపడనివాడు అక్కడే ఆగిపోవాలి. ఒక్కొక్కరే ఆగిపోయారు. నేను ఆగలేదు. అందరికంటే దూరం పోవాలని నా ఆశ. నాలుగడుగులకోసారి చెయ్యెత్తుతూ నడిచాను.

ఉన్నట్టుండి వెనక చెప్పుల చప్పుడైంది. అంతదూరమూ ఆయనే నడిచి వచ్చారు.

"నేను పిలవడం మానేసి చానా సేపైందిరా. నువ్వు ఎవరి కూత వింటున్నావు?"

ఆయన కొట్టలేదు. "వినపడకపోతే వినపడలేదని చెప్పు. అదీ కొలతే" అన్నారు. కరణంగారి దగ్గర అడిగి తెచ్చిన గొలుసుతో అందరి దూరాలూ కొలిచి సగటు తీశారు. నా దూరం అందులో కలపలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

ఇక ఆ కార్డు. "ఒంట్లో బాగాలేదు. వీలు చూసుకుని ఒకసారి వచ్చి పో." అంతే. ఎన్ని రోజుల్లోపు రావాలో రాయలేదు. కొలత లేని మాట ఆయన రాయడం నేనెరిగి అదే మొదలు. అక్కడే నాకు అనుమానం రావలసింది. పెద్దాయనకు తోచక రాసి ఉంటారనుకున్నాను. ఆఫీసు పని అనే సాకు ఉండనే ఉంది. పేట నుంచి గురజాలకు ఎంత దూరమో ఫర్లాంగులతో సహా చెప్పగలను. పోలేదు.

నేను చేరేసరికి సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయిపోయింది. మన్ను పోస్తున్నారు. మాష్టారి భార్య నన్ను చూసి దగ్గరకు వచ్చారు. నిష్ఠూరంగా ఒక్క మాటా అనలేదు. నిష్ఠూరమాడినా బాగుండేది.

"ఆదివారం తెలివి తప్పేదాకా గుమ్మం వంకే చూశారు నాయనా. నా కార్డు వాడికి అందిందో లేదోనని నాతో నాలుగుసార్లు అన్నారు."

జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

తిరుగు బస్సు కోసం పొలాలకు అడ్డంపడి రోడ్డుకు బయలుదేరాను. వెనక పార చప్పుడు కొంతదూరం వినపడింది. తర్వాత పలచబడింది. తర్వాత ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు. నాలుగడుగులు వేశాక, ఎవరూ పిలవకుండానే, నా చెయ్యి పైకి లేచింది.