మేకల కూతల ఇంగ్లీషు క్లాసు

రిజ్వానా మేడానికి పాఠం చెప్పడం రాదని అనగల మొనగాడు ఇవాళ మక్తల్ చుట్టుపక్కల లేడు. ఒకప్పుడు ఇద్దరు అన్నారు. ఇద్దరూ ప్రైవేటు బడుల కరస్పాండెంట్లే. వాళ్లిప్పుడు ఏమనుకుంటున్నారో గానీ, ఆ రోజుల్లో వాళ్ల మాటలు ఆమెకు అన్నం సహించనివ్వలేదు.

తండ్రి ఫక్రుద్దీన్ బస్టాండు దగ్గర స్టవ్వులు బాగుచేసేవాడు. తల్లి ఇక్బాల్ బీ మేకలు పెంచేది. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే పాలమూరు తెలుగు, చదివింది తెలుగు మీడియం. అయినా పిల్ల ఇంగ్లీషు మీద మనసు పడింది. ఆడపిల్లకు ఎం.ఎ. దేనికని చుట్టాలు నసిగితే, ఇక్బాల్ బీ వాళ్లకు చాయ్ కూడా పోయకుండా పంపేసింది.

చదువైతే అయింది, కొలువు మాత్రం చిక్కలేదు. అడ్డం పడింది డెమో క్లాసు. కొత్త టీచరు పిల్లల ముందు పాఠం చెప్పాలి, కరస్పాండెంటు వెనక బెంచీలో కూర్చుని చూస్తాడు. పెళ్లిచూపులు ఇంతకన్నా నయం. రిజ్వానా ఫోన్లో హైదరాబాదు మేడాల వీడియోలు చూసి వాళ్ల నవ్వు, చేతులు ఊపడం, మాట యాస అన్నీ బట్టీ పట్టింది. రెండు బడుల్లోనూ పిల్లలు బొమ్మల్లా కూర్చున్నారు. ఇద్దరు కరస్పాండెంట్లూ వద్దన్నారు.

ఇక మూడో బడి. ఇదీ పోతే టీచరు ఆశ వదిలేసి, సోమవారం నుంచి నారాయణపేటలో చీరల కొట్లో చేరతానని కొట్టువాళ్లకు మాటిచ్చేసింది.

ఈ బడి కరస్పాండెంటు నాగేందర్ పాఠం తనే ఎంచాడు. ఇడియో అనే గ్రీకు మూలం నుంచి పుట్టిన ఇంగ్లీషు మాటలు. తొమ్మిదో తరగతి పిల్లల మీద ఆయనకేం కక్ష ఉందో మరి. రిజ్వానా మళ్లీ వీడియో మేడం అవతారమెత్తింది. ఇడియోస్ అంటే సొంతమైనది అని చెప్పి, ఇడియమ్, ఇడియోసింక్రసీ, ఇడియొలెక్ట్ అని బోర్డు నిండా రాసింది. పిల్లలు కళ్లు తెరుచుకునే నిద్రపోయారు. వెనక బెంచీలో నాగేందర్ ఫోను తీశాడు.

రిజ్వానాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎట్లాగూ పోయేదేగా అనుకుని సుద్దముక్క బల్ల మీద పడేసింది.

"మీ ఇండ్లల్ల మేకలున్నయా?" అని అడిగింది.

సగం చేతులు లేచాయి.

"ఎట్ల పిలుస్తరు? జర పిలిచి సూపెట్టుండ్రి."

పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. పరశురాములు అనే పొడుగు పిల్లవాడు ధైర్యం చేసి లేచి, "ద్రుయ్యో" అని సాగదీశాడు.

"గట్ల పిలిస్తే మా మేకలు తలకాయ గూడ ఎత్తయ్ టీచర్," అంటూ అనూహ్య అనే పిల్ల నాలుకతో టక్కుటక్కుమనిపించింది. ఇంకో పిల్ల ఈల వేసింది. రిజ్వానా కూడా వాళ్లమ్మ పిలిచినట్టే పిలిచి చూపింది. తరగతి గొల్లున నవ్వింది.

"సూసిండ్రా, ఇంటికో కూత. మీ మేక మీ కూతకే వస్తది. గా సొంతమే ఇడియో. మనిషికి సొంత అలవాటుంటే ఇడియోసింక్రసీ. ఒక్క మనిషి మాట్లాడే తీరు, ఇంకొకలకు రానిది, ఇడియొలెక్ట్. మనల జూసి పక్కింటోళ్లు కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నరంటం. నిప్పులుంటయా? ఉండయ్. గట్లంటం మన భాషకు సొంతం. గది ఇడియమ్."

"మరి ఇడియట్, టీచర్?" అన్నాడు పరశురాములు. ఆ మాట వాడికి రోజూ దక్కేదే.

"పాతకాలం గ్రీకోళ్లు, ఊరందరి పని పట్టకుండ తన సొంత పని సూసుకునేటోన్ని గట్లనేటోళ్లు. తర్వాత తిట్టయింది. నువ్వు గా రకం కాదు బిడ్డా. అందరికంటె ముందు లేచినవ్."

వాడు కూర్చోవడం మరిచిపోయాడు.

నాగేందర్ లేచి ముందుకొచ్చాడు. "మేకల లొల్లి మంచిగుంది. పాఠం ఎక్కిందా మరి? అనూహ్యా, ఇడియోసింక్రసీకి ఒక ఉదాహరణ చెప్పు. ఇంగ్లీషుల."

అనూహ్య బెదురుగా లేచింది. చెప్పడం మాత్రం తడబడకుండా, ఇంగ్లీషులోనే చెప్పింది. మా కరస్పాండెంట్ సారు తిట్టే ముందు ముక్కు రుద్దుకుంటారు, అది ఆయన ఇడియోసింక్రసీ అని.

నాగేందర్ చెయ్యి అప్పటికే ముక్కు మీద ఉంది. అక్కడే ఆగిపోయింది. ముందుగా నవ్వింది ఆయనే.

"సోమారం నుంచి వస్తరా మేడం?" అన్నాడు.

రిజ్వానాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అయినా చెప్పాల్సింది చెప్పేసింది. "వస్త సార్. కాని గిట్లనే చెప్త. ఇంకొకల లెక్క చెప్పుడు నాకు రాదు."

"గట్లనే చెప్పుండ్రి. ఆఫీసుకు రాండ్రి, మాట్లాడుకుందం."

"క్లాసు అయినంక వస్త సార్. ఇంకా గంట కొట్టలే. మీరు కూసోండ్రి."

నాగేందర్ వెనక బెంచీకి వెళ్లి కూర్చున్నాడు.